పరుగువారి లాంఛనము

విరాటపర్వములోని ఉత్తరగోగ్రహణ ఘట్టమును పాఠముగా చదువని తెలుగు విద్యార్థి అరుదు. బృహన్నల వేషము విడిచి గాండీవము చేపట్టిన అర్జునుడు, సారథియై కూర్చున్న ఉత్తరునకు ఎదుటి సేనలోని మహావీరులను ఒక్కొక్కరినే చూపును. అంత దూరము నుండి ముఖములు కానరావు. అందుచేత తిక్కన సోమయాజి అర్జునునిచేత ముఖములను గాక ధ్వజములను వర్ణింపజేసినాడు. బంగారు వేదిక గుర్తుగా గలవాడు ద్రోణుడు. సింహపు తోక గలవాడు అశ్వత్థామ. బంగారు వృషభము గలవాడు కృపుడు. శంఖము కర్ణునిది, మణులు తాపిన పాము దుర్యోధనునిది, మిన్నంటు తాటిచెట్టు భీష్మునిది. ఆ ఒక్క సీసపద్యము ముగియునప్పటికి తాను ఎవరి మీదికి రథము తోలవలసియున్నదో ఉత్తరునకు తెలిసిపోవును. భీష్ముని ఎత్తు, దుర్యోధనుని విషము మనకు తెలిసిపోవును. గుర్తు చేయవలసిన పనులు రెండు. దూరము నుండి ఆనవాలు పట్టించుట మొదటిది. ఆ మనిషి ఎట్టివాడో ఒక్క గీతతో చెప్పుట రెండవది.

ఆదివారమునాడు తెల్లవారకముందే మాదాపురమున దుర్గము చెరువు గట్టు మీద నిలుచున్నచో నాకు ఎప్పుడును ఆ పద్యమే జ్ఞాపకమునకు వచ్చును. పగలు గాజు మేడలలో కూర్చుండి కంప్యూటరుతో మాటాడు యువతీయువకులు ఆ వేళ గుంపులు గుంపులుగా పరుగెత్తుచు సాగిపోవుదురు. చీకటిలో ముఖములు తెలియవు. చొక్కాల వీపున అచ్చువేసిన బొమ్మలు మాత్రము దీపస్తంభము క్రిందికి వచ్చినప్పుడు ఒక్క క్షణము మెరసి మాయమగును. ఏ బొమ్మవారు ఏ జట్టువారో ఎరిగినవారు ఎరుగుదురు. 2007లో హైదరాబాదు రన్నర్సు అను సంఘము ఏర్పడినది. ఆ సంఘమువారి పూనికతో సాగుచున్న మారథాను పరుగు హుస్సేనుసాగరపు ఒడ్డున పీపుల్సు ప్లాజా కడ మొదలై గచ్చిబౌలి క్రీడాప్రాంగణమున ముగియును. ఇప్పుడు కచేరీకి ఒక జట్టు, కాలనీకి ఒక జట్టు. జట్టు పుట్టిన వారము దినములలోనే దానికి ఒక లోగో కావలెనని వెదుకులాట మొదలగును. ఇది వట్టి ముచ్చట కాదు. వారిలో ఒకరు శ్రీకాకుళమునుండి, ఒకరు ఆదిలాబాదునుండి, ఒకరు ఒడిషా నుండి వచ్చినవారు. కులము, ఊరు, ఇంటిపేరు ఒకరివి ఒకరు అడుగని చోట ఆ చొక్కా మీది బొమ్మయే వారికి ఇంటిపేరు.

లోగో అను మాటకు తెలుగున పేరు లేదనుకొనుట పొరపాటు. లాంఛనము అను మాట ఉండనే ఉన్నది. జైన తీర్థంకరుల విగ్రహములన్నియు ఇంచుమించు ఒకే పోలిక. పీఠము మీది లాంఛనమును చూచి వృషభమైనచో ఆదినాథుడనియు, సర్పమైనచో పార్శ్వనాథుడనియు, సింహమైనచో మహావీరుడనియు గుర్తింతురు. చాళుక్యులు వరాహలాంఛనులు. ఆ వరాహము నాణెముల మీదికి ఎక్కి, తుదకు నాణెమునకే వరహా యను పేరు వచ్చినది. మృగము మరుగైనది, పేరు నిలిచినది. ఇంత బలము గల మాట మన నోట ఎట్లయినదో చూడుడు. పెండ్లిలో అల్లునికి పెట్టు కానుకలు లాంఛనములైనవి. మనసు లేక చేయు పని లాంఛనప్రాయమైనది. ఆనవాలు అను అర్థము నుండి వట్టి మర్యాద అను అర్థమునకు జారినది. ఇది భాషకు మాత్రమే పట్టిన గతి కాదని, నేటి పరుగు జట్ల చొక్కాలను పరికించినవారికి తోచును.

ఏలయన, నేను చూచిన చొక్కాలలో పెక్కింటి మీద చార్మినారు ఉన్నది. నాలుగు మినారులు, వాని ముందు పరుగెత్తు ఒక నల్లని మనిషి ఆకారము. జట్టు మారును, రంగు మారును. ఈ రెండు మాత్రము మారవు.

చార్మినారునకు ఆ గౌరవము ఊరక రాలేదు. 1591లో మహమ్మదు కులీ కుతుబు షా కట్టించిన ఆ కట్టడము నగరమునకు నడిబొడ్డు. నిజాము రాజ్యపు వెండి రూపాయి మీదికి అది 1903 ప్రాంతమున ఎక్కినది. 1931లో వెలువడిన తపాలాబిళ్ళలలో అణాబిళ్ళ మీద అదియే. వజీరు సుల్తాను వారి సిగరెట్టు పెట్టె మీద ఎక్కి, హైదరాబాదు ఎక్కడ నున్నదో ఎరుగనివారి జేబులలోనికి సైతము అది చేరినది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్రకారుడు ఏలె లక్ష్మణు రచించిన రాజముద్రలో కాకతీయ తోరణముతో పాటు చార్మినారు నిలిచినది. 2024 మే నెలలో ఆ రెండింటిని ముద్రనుండి తొలగింతురను వార్త పొక్కగా ఎంత అలజడి చెలరేగినదో, కొత్త ముద్ర విడుదల ఎట్లు వాయిదా పడినదో పాఠకులకు జ్ఞాపకముండును. రెండంగుళముల బొమ్మకొరకు జనులు వీధికెక్కిరన్నచో, బొమ్మ వట్టి బొమ్మ కాదని తెలియుచున్నది గదా.

అయినను ఒక ప్రశ్న. సైబరాబాదున పరుగెత్తువాని పాదము చార్మినారు నీడను ఎన్నడైన తాకినదా? మాదాపురమునకు అది ఇరువది కిలోమీటర్ల దూరము. పైన చెప్పిన మారథాను దారి బంజారా కొండలు, జూబిలీ కొండలు ఎక్కి దిగి పడమటి దిక్కుగా పోవును, పాతనగరమునకు పోదు. పాతనగరపు జట్టు చార్మినారును వేసికొన్నచో అది తాటిచెట్టు ధ్వజముగా గల భీష్మునివలె ఒప్పును. కొండాపురపు జట్టు వేసికొన్నచో, ఎరువు తెచ్చుకొన్న నగ వలె నుండును. నగ మంచిదే, మెడ తనదే, రెండింటికి పొత్తు లేదు.

మరి ఈ ప్రాంతమునకు తనదైన గుర్తు ఏది? సైబరాబాదు అను పేరే ఒక విచిత్రమైన సమాసము. ఓడ చుక్కాని పట్టువానికి గ్రీకు భాషలో ఉన్న పేరునుండి నార్బర్టు వీనరు అను గణితవేత్త 1948లో సైబర్నెటిక్సు అను శాస్త్రనామము కల్పించెను. అందలి తలను నరికి పారసీకపు ఆబాదునకు అతికించిరి. చిన్నయసూరి దీనిని మిశ్రసమాసమనునో, దుష్టసమాసమనునో! 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని అటలు బిహారీ వాజపేయి ప్రారంభించిన సైబరు టవర్సు అను గుండ్రని మేడ కొన్నియేండ్లు ఈ సీమకు చార్మినారు వంటిదే యైనది. పత్రికలలో, పాఠ్యపుస్తకములలో దాని చిత్రమే. నేడు చుట్టును లేచిన మేడల నడుమ అది పొట్టిదై కూర్చున్నది. 2020 సెప్టెంబరులో దుర్గము చెరువు మీద తీగల వంతెన తెరువబడినది. రాత్రివేళ దాని దీపముల సొగసు చూడదగినదే. ఇప్పుడు కొన్ని జట్ల చొక్కాల మీదికి అదియు ఎక్కుచున్నది. దాని మీదుగా పరుగు సాగును గనుక చార్మినారు కంటె దానికి హక్కు ఎక్కువ. కాని మరింత పెద్ద వంతెన ఇంకొకటి లేచిన నాడు దాని గతి యేమి?

స్థలము సంగతి అట్లుండగా, చిత్రకారుని నిజముగా ఏడిపించు చిక్కు ఇంకొకటి ఉన్నది. పరుగు కదలిక; కాగితము కదలదు. కదలనిదానిచేత కదలికను చెప్పించుట ఎట్లు?

ఇది ఇరువదియైదు శతాబ్దుల నాటి చిక్కు. ఏథెన్సు నగరపు క్రీడోత్సవములలో గెలిచినవారికి ఒలీవనూనె నింపిన పెద్ద కుండలను బహుమానముగా ఇచ్చెడివారు. కుండమీద ఆ పందెము బొమ్మయే ఉండును. కొద్ది దూరము పరుగెత్తువానిని గీసినప్పుడు చేతులు, కాళ్లు నాలుగు దిక్కులకు విసరినట్లు గీసిరి. దూరపు పరుగువానిని గీసినప్పుడు మోచేతులు మడిచి ఒంటికి దగ్గరగా పెట్టిరి. అక్షరము లేకయే ఏది ఏ పందెమో తెలిసిపోవును. మన చొక్కాల మీది నల్లమనిషిని చూడుడు: నలువది రెండు కిలోమీటర్ల పరుగు జట్టుకు నూరు గజముల పరుగువానిని గీసిపెట్టుదురు! ఆ చేతులతో అతడు రెండవ మైలురాయి దాటడు.

మనవారును ఈ చిక్కుకు ఒక విరుగుడు కనిపెట్టిరి. లేపాక్షి వీరభద్రాలయమున ఒక ఆవు శిల్పమున్నది. మొండెము ఒక్కటే, తలలు మూడు. రెండు తలలను చేతితో మూసి చూచినచో మిగిలినది ఒక భంగిమ. మరి రెండింటిని మూసి చూచినచో ఇంకొక భంగిమ. తల ఎత్తుట, తిప్పుట, వంచుట అన్నియు ఒక్క రాతిలోనే. పదునారవ శతాబ్దపు శిల్పి చేసిన ఆ చమత్కారము నాకు చలనచిత్రమునకు తాతవలె కనబడును. విహారయాత్రకు పిల్లలను లేపాక్షికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు వ్రేలాడు స్తంభము క్రింద తువ్వాలు దూర్చి చూపుటతో సరిపెట్టక ఈ ఆవు కడ ఒక నిముసము ఆగినచో మేలు.

కంటికి కనబడినది కనబడినట్లు గీసితిమనుకొన్న పెద్ద చిత్రకారులును ఈ విషయమున మోసపోయిరి. 1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో గుఱ్ఱపుపందెమును చిత్రించినప్పుడు గుఱ్ఱములు ముందుకాళ్లు ముందుకు, వెనుకకాళ్లు వెనుకకు చాచి గాలిలో తేలుచున్నట్లు గీసెను. అందరును అట్లే గీసెడివారు. 1878లో మైబ్రిడ్జి అను ఛాయాచిత్రకారుడు కాలిఫోర్నియాలో పరుగెత్తు గుఱ్ఱమునకు వరుసగా ఛాయాచిత్రములు తీసి చూడగా, నాలుగు గిట్టలును నేలను విడుచు క్షణము నిజమే. కాని ఆ క్షణమున కాళ్లు చాచియుండవు, కడుపు క్రింద ముడుచుకొనియుండును. మనిషి పరుగును ఇంచుమించు అంతే. నడకలో ఎప్పుడును ఒక పాదము నేలమీద నుండును. పరుగులో రెండును నేలను విడుచు క్షణము ఒకటి ఉండును. పరుగెత్తువాడు ముందునకు ఒరిగి పడబోవును, పాదము వచ్చి ఆదుకొనును. మరల పడబోవును, మరల ఆదుకొనును. పడుట, పడకుండుట అను రెంటి సంధియందు పరుగున్నది. లాంఛనకారుడు పట్టవలసినది ఆ సంధినే.

పట్టినవారు లేకపోలేదు. 1971లో అమెరికాలో పోర్ట్‌లాండు స్టేటు విశ్వవిద్యాలయ విద్యార్థిని కెరొలిను డేవిడ్‌సను, జోళ్లు అమ్ము ఒక చిన్న కంపెనీకి ఒక గీత గీసి యిచ్చి 35 డాలర్లు పుచ్చుకొనెను. అందు మనిషి లేడు, కాలు లేదు, జోడు లేదు. వంపు తిరిగి పైకి లేచు ఒక గీత మాత్రమే. గ్రీకుల విజయదేవత నైకీ పేర వెలసిన ఆ కంపెనీ యజమానికి మొదట ఆ గీత అంతగా నచ్చలేదట. ఇప్పుడు దానిని ఎరుగని బడిపిల్లవాడు లేడు. తీసివేయదగినదెల్ల తీసివేసిన పిమ్మట మిగిలినది గనుక అది నిలిచినది. దాని వెనుకనున్న వ్యాపారము మాట వేఱు. గీత సంగతి మాత్రమే చెప్పుచున్నాను.

అటు బోస్టను నగరపు క్రీడాసంఘము కథ చూడుడు. 1887లో పుట్టిన ఆ సంఘము 1897 నుండి మారథానును నడుపుచున్నది. వారి లాంఛనము ఒంటికొమ్ము గుఱ్ఱము. అట్టి జంతువు లోకమున లేదు. దానిని ఎవరును పట్టలేరు. పట్టలేనిదాని వెంట పరుగెత్తువారికి అంతకంటె తగిన గుర్తు ఏమున్నది? ఐతే అదే బోస్టనులో 1967లో కాథరిను స్విట్జరు అను యువతి పేరులో పొడి అక్షరములు మాత్రము వ్రాసి సంఖ్య పొంది పరుగెత్తుచుండగా, నిర్వాహకుడొకడు ఆమె మీదికి ఉరికి 261 అను ఆ సంఖ్యను లాగివేయజూచెను. ఆమె పరుగు ముగించినది. ఆ పందెములో స్త్రీలకు అధికారికముగా చోటు దొరకినది 1972లో. ఒలింపిక్సులో స్త్రీల మారథాను 1984లో గాని రాలేదు. ఇంత జరిగిన తరువాతను మన చొక్కాల మీది నల్ల ఆకారము చాలచోట్ల మగవాడే. దుర్గము చెరువు గట్టున చీకటివేళ ధైర్యము కూడగట్టుకొని పరుగెత్తుచున్న ఆడుబిడ్డ వీపున ఒక మగవాని బొమ్మ! ఇది నాకు చార్మినారు ఎరువుకంటె పెద్ద లోపముగా తోచుచున్నది.

ఇక మాటల సంగతి. బొమ్మ క్రింద పేరు ఆంగ్లముననే వ్రాయుట వాడుకయైనది. తెలుగున పరుగునకు మాటల కరవు లేదు. పరువెత్తుట అన్నను పరుగెత్తుటయే, పరువన్నను మానమే. రెండర్థములు ఒక్క మాటలో ఒదిగిన భాగ్యము ఎన్ని భాషలకున్నది? తెలంగాణమున ఉరుకు అందురు. మూడు మాత్రలలోనే మాట ముగియును. పలుకుటలోనే పాదము నేలను విడుచును. పాఱుట అను పాతమాట మనిషి పరుగునకును, ఏటినీటికిని చెల్లెడిది. ఊళ్ల పేర్లును అట్లే. కొండాపురమున కొండ, రాయదుర్గమున దుర్గము, గచ్చిబౌలిలో బావి, దుర్గము చెరువున చెరువు, గుట్టల బేగంపేటలో గుట్టలు పేరు పెట్టినవాడే లాంఛనములు చెక్కిపోయినాడు. చదువువారు లేరు.

మా కళాశాలలో ప్రథమ సంవత్సరపు విద్యార్థులకు వ్యాసరచన తరగతిలో ఒకనాడు ఈ పనియే ఒప్పగించితిని: మన ప్రాంతపు పరుగు జట్టుకు ఒక లాంఛనము గీయుడు, దానిని సమర్థించుచు పది పంక్తులు వ్రాయుడు. వ్యాసము వ్రాయలేని పిల్లలును బొమ్మ గీసిన పిమ్మట వ్రాయగలరని నా అనుభవము. బడి ఉపాధ్యాయులు పరీక్షించి చూడవచ్చును. ఎక్కువమంది చార్మినారునే గీసిరి. కొందరు తీగల వంతెనను, ఒకడు జోడునకు రెక్కలను గీసెను. ఒక విద్యార్థిని మాత్రము రెండు బండలు గీసినది. క్రింద పెద్ద బండ, దాని కొన మీద ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపటికో దొరలిపోవునన్నట్లు ఒక గుండు. అంతే. మనిషి లేడు.

ఇట్టి బండలు ఈ సీమకు కొత్త కావు. ఇచటి నల్లసేనపురాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నెఱ్ఱెలవెంట నీరు దిగి, ఎండవానలకు ఉల్లిపొరలవలె రాయి విడివడి, మెత్తనిదెల్ల కొట్టుకొనిపోగా మిగిలిన గుండ్లు ఒకదానిపై ఒకటి నిలిచియున్నవి. చూచినవానికి, పడబోవుచున్నట్లుండును, యుగములుగా పడలేదు. నేను పైన పరుగును గూర్చి చెప్పినది ఇదియే కాదా? కదలని రాయి కదలికను చెప్పుచున్నది. అది మగది కాదు, ఆడది కాదు. ఎరువు తెచ్చినది కాదు, పరుగెత్తువాని కాలిక్రిందిది. మేడలకొరకు, దారులకొరకు ఈ బండలను పగులగొట్టుట చూచి సహింపలేక కొందరు 1996లో శిలాసంరక్షణకై ఒక సంఘము పెట్టుకొనిరి. కొన్ని శిలాసముదాయములు వారసత్వ సంపదగా గుర్తింపబడినవి. ఖాజాగూడ గుట్టలలో నేటికిని వానిని చూడవచ్చును. తక్కినవి పునాదులలోనికి, కంకరలోనికి పోయినవి. పరుగు దారియు ఆ కంకరతో వేసినదే.

ఆ అమ్మాయి బొమ్మలో పై గుండునకు అడ్డముగా చిన్న చిన్న చుక్కల వరుస ఒకటి ఉన్నది. అవి యేమని అడిగితిని. ఆమె తండ్రి రాతిపని చేయువాడు.

“గవి మా నాయిన కొట్టిన తూట్లు సార్. గట్ల వరుసగ కొడితెనే బండ సీదాగ పగులుతది” అన్నది.

చొక్కా మీద అచ్చువేసినచో అంత చిన్న చుక్కలు కానరావనియు, తీసివేయుమనియు ప్రక్క బల్లలవారు సలహా చెప్పిరి. ఆమె రబ్బరు తీసికొన్నది. చుక్కలను చెరిపి, మరల అక్కడనే ఇంకొంచెము పెద్దవిగా పెట్టినది.